ఎలుకలకు విరుగుడు గుడ్లగూబ గూడు

గుడ్లగూబ ఇంటిపై వాలితే అశుభమని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అది తోటకు కాపలాదారు. తెల్లని గుండె ఆకారపు ముఖం ఉండే బార్న్ ఔల్ ఆహారంలో ఎక్కువ భాగం ఎలుకలే. దాని చెవి రంధ్రాల్లో ఒకటి కాస్త పైకి, మరొకటి కిందికి ఉంటాయి. శబ్దం రెండు చెవులకూ చేరడంలోని తేడాను బట్టి చిమ్మచీకట్లోనూ ఎలుక జాడ పసిగడుతుంది.

ఈ పక్షి గూడు కట్టుకోదు. చెట్టు తొర్రలు, పాత భవనాల మూలలు వెతుక్కుంటుంది. ముసలి చెట్లు కొట్టేసిన చోట చెక్కపెట్టె ఆ లోటు తీరుస్తుంది. ఇజ్రాయెల్ రైతులు 1983 నుంచి ఇలాంటి పెట్టెలు వాడుతున్నారు.

పెట్టెను నేల నుంచి కనీసం 3 మీటర్ల ఎత్తున బిగించాలి. సుమారు 13 సెంటీమీటర్ల ద్వారం పెట్టె అడుగుకు 45 సెంటీమీటర్ల పైన ఉంటే పిల్లలు జారిపడవు. పుదుచ్చేరిలోని కాలాపేట వంటి తీర ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. అందుకే ద్వారం ఈశాన్యం వైపు ఉండకూడదు. అడుగున నీరు పోయే చిల్లులూ అవసరం.

పెట్టె పెట్టాక ఎలుకల మందు మానాలి. విషం తిన్న ఎలుకను తింటే గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం గుడ్లగూబలను పట్టడం, అమ్మడం నేరం. వాటిని పట్టి తేనక్కర్లేదు. చోటు, తిండి ఉంటే అవే వస్తాయి.