ప్రేక్షకుడెవరు? దమ్మపేట అనుభవం

ఒక కళాబృందం గురించీ, దాని యువ ప్రేక్షకుల గురించీ పరిశోధించడమంటే ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుననే ధీమాతోనే నేను దమ్మపేట వెళ్లాను. అక్కడి కోయ కళాబృందం ఒకదాని మీద అరగంట డాక్యుమెంటరీ తీయాలని మా మిత్రులు కొందరు తలపెట్టారు. చిత్రీకరణకు ముందు జరగవలసిన సమాచార సేకరణ నా వంతుకొచ్చింది. బృందం ఎట్లా నడుస్తోంది, యువతరం దాన్ని చూస్తోందా లేదా అన్న రెండు సంగతులు తేల్చుకురమ్మన్నారు. ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసుకుని బయల్దేరాను. రెండో రోజుకే ఆ కాగితం పనికిరాకుండా పోయింది. ఎందుకు పోయిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇటువంటి పనికి పూనుకునే వారికి నా పొరపాట్లు ఉపయోగపడవచ్చు.

దమ్మపేట ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఒక దిక్కు సత్తుపల్లి మైదానం, ఇంకో దిక్కు భద్రాచలం అడవి. సెంటర్లో దుకాణాలు, హోటళ్లు, సెల్‌ఫోన్ రిపేరు కొట్లు. ఊరు దాటితే పామాయిల్ తోటలు, ఆ తోటల వెనక కోయగూడేలు. పొడవాటి గడకు కొడవలి కట్టి ఆ తోటల్లో గెలలు కోసే కుర్రవాళ్లూ, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలూ, మా ప్రణాళికలో 'యువ ప్రేక్షకులు' అని రాసుకున్నది వీళ్లనే. వీళ్ల పనినీ, చదువునూ పక్కనబెట్టి వీళ్ల అభిరుచిని గురించి మాత్రమే అడగడం నేను చేసిన మొదటి పొరపాటు.

అసలు ప్రేక్షక పరిశోధన అనేది ఎక్కడ పుట్టిందో గుర్తు చేసుకోవాలి. రేడియోలో మాట్లాడేవాడికి శ్రోత కనిపించడు. విన్నాడో, మధ్యలో కట్టేశాడో తెలియదు. అందుకే 1936లో బ్రిటన్‌లో బి.బి.సి. రాబర్ట్ సిల్వీ ఆధ్వర్యంలో శ్రోతల పరిశోధన మొదలుపెట్టింది. మన దేశంలో 1975-76లో 'సైట్' ప్రయోగం జరిగింది. ఉపగ్రహం సహాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. అప్పుడు కూడా చూసేవాళ్ల స్పందనను అధ్యయనం చేశారు. ఆ పద్ధతులకు వాటి ప్రయోజనం వాటికుంది. కాని వాటన్నిటి అడుగునా ఒక ఊహ ఉంది. ఒక దిక్కున చేసేవాడు, ఇంకో దిక్కున చూసేవాడు, ఇద్దరి మధ్యా యంత్రం. నా ప్రశ్నలన్నీ తెలియకుండానే ఈ ఊహ మీద నిలబడి ఉన్నాయి.

బృందం పెద్ద ఆ ఊహను ఒక్క మాటతో తోసేశాడు. అడవిదున్న కొమ్ముల తలపాగాలతో, మెడలో పెద్ద డోళ్లతో మగవాళ్లు ఆడతారు. చేతులు కలుపుకుని వరుస కట్టి ఆడవాళ్లు రేల పాటలు పాడతారు. "మీ ప్రేక్షకులు ఎవరు తాతా?" అని అడిగాను.

"ప్రేక్షకులంటే?"

"చూసేటోళ్లు."

"చూసేటోళ్లు స్టేజీ ముందు ఉంటారు బాబూ. గూడెంల అయితే అందరూ ఆడేటోళ్లే."

ఆ తర్వాత బృందం లెక్కలు చూపించమన్నాను. బడిపిల్లల నోటుబుక్కు ఒకటి తెచ్చి ముందుపెట్టారు. అందులో ఉన్నవి సభలు, ప్రారంభోత్సవాలు, నాయకులకు స్వాగతాలు. ఎవరు పిలిచారు, ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత బాకీ అనేవి మాత్రమే. భూమి పండుగ, కొత్తల పండుగ, పెళ్లిళ్లు, ముత్యాలమ్మ కొలువు, వీటిలో ఒక్కటీ లేదు. "అవి రాయలేదేం?" అంటే, "మన ఇంట్లో తిన్నది ఎవరన్నా రాస్తరా?" అని నవ్వారు.

ఆ నోటుబుక్కును మాత్రమే చూసి రాస్తే, ఇది నాయకుల వెంట పది నిమిషాలు డోళ్లు కొట్టే బృందం అని రాయవలసి ఉంటుంది. గూడెంలో తెల్లవార్లూ సాగే ఆట అందులో లేదు. డబ్బు ముట్టిన ఆటే లెక్కకెక్కింది, బంధుత్వం కోసం ఆడిన ఆట ఎక్కలేదు. కళ సరుకుగా మారే క్రమాన్ని గురించి మనం పుస్తకాల్లో చాలా చదివాం. ఇక్కడ అది ఒక చేతిరాత పద్దులో కనిపిస్తోంది. సంస్థను పరిశోధించేవారు పెద్దల ఇంటర్వ్యూలతో సరిపెట్టుకోకుండా ఆ పద్దు చూడాలి. అందులో లేని సంగతులు ఎందుకు లేవని కూడా అడగాలి.

ఇక కుర్రవాళ్ల సంగతి. "మీ ఆటపాటలంటే ఇష్టమేనా?" అని అడిగితే అందరూ "ఇష్టమే సార్" అన్నారు. బడిలో పంతులు అడిగితే చెప్పే జవాబు అది. నేను మాట్లాడింది తెలుగు, చేతిలో ఉన్నది కాగితం, వాళ్ల చూపులో నేను ఒక అధికారిని. అటువంటప్పుడు 'ఇష్టం లేదు' అని ఎవరంటారు? మర్నాడు కాగితం సంచిలో పెట్టేసి, కోయ తెలిసిన ఒక డిగ్రీ కుర్రవాణ్ణి తోడు తీసుకెళ్లాను. ప్రశ్న కూడా మార్చాను. "కిందటిసారి ఎక్కడ చూశావు? ఎవరితో వెళ్లావు? ఎప్పుడు లేచి వచ్చేశావు?" అని అడగడం మొదలుపెట్టాను.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. నాకు తోడొచ్చిన కుర్రవాడే చెప్పాడు: "డోలు మొదలైతే వరుసలోకి పోతానన్నా. కథ ఎత్తుకుంటే బయటికొస్త. ఇంట్లో మాట్లాడే కోయ అర్థమవుద్ది. కథలో ఉన్న కోయ అర్థం కాదు."

'సెల్‌ఫోన్లు వచ్చి పిల్లలు చెడిపోయారు, జానపద కళలు చచ్చిపోతున్నాయి' అని వేదికల మీద తరచు వింటుంటాం. ఆ కుర్రవాడి జవాబు ముందు ఈ వాదం నిలవదు. అతన్ని కథకు దూరం చేసింది ఫోను కాదు. కోయ, గోండి భాషకు దగ్గర చుట్టం. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మందికి పైగా దాన్ని మాతృభాషగా చెప్పుకున్నారు. అయినా అతని చదువంతా తెలుగులో, ఆ పైన ఇంగ్లీషులో సాగింది. ఆరేడేళ్ల వయసులో హాస్టలుకు వెళ్లిన పిల్లవాడికి రాత్రిపూట తాత పక్కన పడుకుని కథ వినే అవకాశం పోయింది. పండుగ రోజును గూడెం నిర్ణయిస్తుంది, సెలవులను బడి నిర్ణయిస్తుంది. ఆ రెండూ కలిసిన ఏడు అతను ఆడతాడు, కలవని ఏడు ఆడడు. దీన్ని అభిరుచి లోపం అనడం అన్యాయం.

ఫోన్ల సంగతి కూడా కళ్లారా చూశాను. ఆట మొదలైనప్పుడు కుర్రవాళ్లు వరుస పక్కన నిలబడి వీడియో తీశారు. కాసేపటికి ఫోను జేబులో పెట్టి వరుసలో చేరారు. ఆడి వచ్చి మళ్లీ తీశారు. వీళ్లను ప్రేక్షకులనాలా, కళాకారులనాలా, చిత్రకారులనాలా? నా కాగితంలో వీళ్లకు గడి లేదు.

మన ఉద్యమ చరిత్రలో ఈ సమస్యకు ఒక జవాబు ఉంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ప్రేక్షకులను కాగితాలతో కొలవలేదు. జనంలో ఉన్న బుర్రకథ వంటి రూపాలను నేర్చుకుని, కొత్త వస్తువుతో జనం ముందుకు వెళ్లింది. 1947 నాటి 'మాభూమి' నాటకం ఊళ్లను కదిలించింది. ఎదురుగా కూర్చున్నవాళ్ల కష్టమే రంగం మీద ఉండటం దాని బలం. ఆ వారసత్వం మనకు గర్వకారణం. కాని పాత రూపంలో కొత్త వస్తువు పోయవచ్చుననే సూత్రాన్ని కోయ కథకు యథాతథంగా అన్వయించలేం. డోలి కళాకారులు పాడేది ఒక గట్టు వారి పూర్వీకుల చరిత్ర, వాళ్ల దేవతల చరిత్ర. అక్కడ రూపమూ వస్తువూ విడివిడిగా లేవు. ఆ రూపాన్ని ఎత్తుకొచ్చి పథకాల ప్రచారానికి వాడినా, మన నినాదాలకు వాడినా, అడగకుండా తీసుకోవడమే అవుతుంది. ఈ ఆత్మవిమర్శ మనం చేసుకోవాలి.

మణుగూరు ప్రాంతానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క, సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగిన ఆయన 2024లో కన్నుమూశారు. గౌరవం రావడం మంచిదే. కాని బిరుదు కళాకారుడికి దక్కుతుంది గాని కథ అర్థమయ్యే శ్రోతను తయారుచేయదు. కథ బతకాలంటే పాడేవాడు ఎంత అవసరమో, మాట మాటకూ 'ఊ' కొట్టగలిగేవాడూ అంతే అవసరం.

మరి మాధ్యమం ఏం చేయగలదు? జహీరాబాద్ ప్రాంతంలో 2008లో మొదలైన సంగం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. తమ యాసలో, తమ పంటల గురించీ పాటల గురించీ తామే మాట్లాడుకుంటున్నారు. యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది అక్కడ మొదటి ప్రశ్న. దమ్మపేటలో మా పనిని నేను ఈ వెలుగులో మార్చుకున్నాను.

ఇటువంటి పరిశోధన చేసేవారికి నాలుగు సూచనలు. ఒకటి: ప్రశ్నల కన్నా ముందు ఆ ఊరి పండుగల, పనుల, బడి సెలవుల పట్టిక రాసుకోండి. సగం జవాబులు అందులోనే ఉంటాయి. రెండు: 'ఇష్టమేనా' అని అడగకండి, 'ఎప్పుడు లేచి వచ్చావు' అని అడగండి. మూడు: ఇంటి భాషలో అడగండి, అది రాకపోతే వచ్చినవాణ్ణి తోడు తీసుకెళ్లి అతని పేరు కూడా పనిలో చేర్చండి. నాలుగు: రికార్డు చేసినదాన్ని కత్తిరించక ముందు గూడెంలో అందరికీ వినిపించండి. వద్దన్నది తీసేయండి. ఒక ప్రతి అక్కడే ఉంచండి.

నాలుగోది మేము చేసి చూశాం. ఒక రాత్రి రికార్డు చేసిన కథను మర్నాడు సాయంత్రం గూడెంలో వినిపించాం. చావు కర్మలో పాడే భాగం బయటికి పోకూడదని పెద్దలన్నారు, తీసేశాం. మిగతాది వింటూ ఆ డిగ్రీ కుర్రవాడు ఒక్కొక్క మాట దగ్గర ఆపమన్నాడు. తాత అర్థం చెప్పాడు, కుర్రవాడు తెలుగు లిపిలో రాసుకున్నాడు. గంటసేపట్లో పది నిమిషాల కథ కూడా ముందుకు సాగలేదు. అయినా ఎవరూ లేచి వెళ్లలేదు.

మేము తీయబోయే చిత్రం ఇప్పుడు దాని గురించే. తిరిగి వచ్చేటప్పుడు తాత అడిగాడు: "ఇది ఎవరికి చూపిస్తరు బాబూ?" ముందుగా ఇక్కడే చూపిస్తామని చెప్పాను. ఆ మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత మా మీద ఉంది.