మూడో లెవెల్ స్లాట్ ఉంది, ఫైర్‌బాల్ ఎందుకు లేదు?

"నా క్యారెక్టర్‌కి నాలుగు లెవెళ్లు విజార్డ్‌లో, ఒకటి క్లెరిక్‌లో. పట్టికలో చూస్తే మూడో లెవెల్ స్పెల్ స్లాట్లు రెండు వచ్చాయి. అచ్చంగా విజార్డ్‌గానే ఐదో లెవెల్‌కి చేరినవాడికీ ఆ రెండే. వాడు ఫైర్‌బాల్ విసురుతున్నాడు కదా, నాకెందుకు కుదరదంటున్నారు?"

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే బల్ల దగ్గర ఈ తగువు ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. అడిగినవాళ్లది అత్యాశేమీ కాదు. పుస్తకంలో ఒక పేజీ చదివితే వాళ్లదే న్యాయం అనిపిస్తుంది, ఇంకో పేజీ చదివితే కాదని తేలుతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన ఆట ఇది. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర ధరిస్తారు. పాత్ర చేసే పనిని బట్టి క్లాస్ ఉంటుంది: విజార్డ్ పుస్తకాలు తిరగేసి మంత్రాలు నేర్చుకుంటాడు, క్లెరిక్‌కి అవి దైవం ఇస్తుంది. అనుభవం పెరిగి కొత్త లెవెల్ వచ్చినప్పుడు దాన్ని పాత క్లాస్‌లోనే తీసుకోనక్కర్లేదు, వేరే క్లాస్‌లో మొదలుపెట్టవచ్చు. అదే మల్టీక్లాస్. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ దీన్ని ఆరో అధ్యాయంలో, డంజన్ మాస్టర్ ఒప్పుకుంటేనే అనే షరతుతో పెట్టింది. కింద చెప్పేదంతా ఆ ఎడిషన్ లెక్కే. 2024 పుస్తకం మార్చిన చోట ఆ మాట విడిగా చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి. మంత్రం వేయాలంటే రెండు కావాలి: మంత్రం తెలిసి ఉండాలి, దానికి ఖర్చు పెట్టే స్లాట్ ఉండాలి. ఒకే క్లాస్‌లో పెరిగినవాడికి ఈ రెండూ జోడుగా వస్తాయి, అందుకే రెండూ ఒకటేనని అలవాటు పడిపోతాం. మల్టీక్లాస్‌లో ఆ జోడు విడిపోతుంది. స్లాట్లు మనిషి మొత్తానికి చెందుతాయి, మంత్రాలు మాత్రం ఏ క్లాస్‌వి ఆ క్లాస్‌వే. ఇంట్లో ఇరవై మందికి సరిపడే గుండిగ ఉన్నంత మాత్రాన బిర్యానీ వండడం వచ్చినట్టు కాదు. అందులో పులిహోర కలుపుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు.

స్లాట్ల లెక్క ఇలా వేస్తారు. బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, సార్సరర్, విజార్డ్ లెవెళ్లు పూర్తిగా కలుపుతారు. పాలడిన్, రేంజర్ లెవెళ్లలో సగం, ఎల్డ్రిచ్ నైట్, ఆర్కేన్ ట్రిక్‌స్టర్ లెవెళ్లలో మూడో వంతు కలుపుతారు. వచ్చిన మొత్తాన్ని మల్టీక్లాస్ పట్టికలో చూస్తారు. మన క్యారెక్టర్‌కి నాలుగూ ఒకటీ కలిపి ఐదు, అంటే మొదటి లెవెల్ స్లాట్లు 4, రెండోవి 3, మూడోవి 2.

మంత్రాల దగ్గరికి వచ్చేసరికి ఇంకో వాక్యం అడ్డు నిలుస్తుంది: ఏ మంత్రాలు తెలుసో, ఏవి సిద్ధం చేసుకోవచ్చో ఒక్కో క్లాస్‌కి విడిగా, నువ్వు ఆ ఒక్క క్లాస్‌లోనే ఉన్నట్టుగా లెక్క వేసుకోవాలి. తగువంతా తీర్చేది ఆ 'ఉన్నట్టుగా' అన్న మాటే. క్లెరిక్ పేజీలో "నీకు స్లాట్లు ఉన్న లెవెల్ మంత్రాలు సిద్ధం చేసుకోవచ్చు" అని ఉంటుంది. దాన్ని మాత్రమే చదివినవాళ్లు, మూడో లెవెల్ స్లాట్ ఉంది కాబట్టి ఒక్క లెవెల్ క్లెరిక్‌తోనే మూడో లెవెల్ మంత్రమైన స్పిరిట్ గార్డియన్స్ కావాలంటారు. కానీ ఆ పేజీ రాసింది ఒకే క్లాస్ ఉన్నవాడిని దృష్టిలో పెట్టుకుని. ఒకటో లెవెల్ క్లెరిక్‌కి విడిగా ఉండేవి మొదటి లెవెల్ స్లాట్లే, నాలుగో లెవెల్ విజార్డ్‌కి రెండో లెవెల్ దాకానే. కాబట్టి మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ రెండు వైపులా దొరకదు. ఎవరిదో పుస్తకంలోంచి ఎక్కించుకుందామన్నా కుదరదు. సిద్ధం చేసుకోగలిగిన లెవెల్ మంత్రాన్నే విజార్డ్ తన పుస్తకంలోకి రాసుకోగలడని తర్వాతి సవరణలో స్పష్టం చేశారు.

మరి ఆ రెండు స్లాట్లు ఎందుకు? చిన్న మంత్రాన్ని పెద్ద స్లాట్‌తో వేయడానికి. మ్యాజిక్ మిసైల్ మొదటి లెవెల్‌లో మూడు బాణాలు వదిలితే మూడో లెవెల్ స్లాట్‌తో ఐదు వదులుతుంది. క్లెరిక్ వైపు గైడింగ్ బోల్ట్ నాలుగు పాచికలకు బదులు ఆరు వేయిస్తుంది. అయినా లోటు లోటే. మ్యాజిక్ మిసైల్ ఐదు బాణాలూ కలిపి సగటున పదిహేడున్నర దెబ్బ కొడితే, ఫైర్‌బాల్ తన పరిధిలో ఉన్న ఒక్కొక్కరి మీదా ఎనిమిది పాచికలు, అంటే సగటున 28 దెబ్బ కొడుతుంది. రెండో క్లాస్‌కి పోయినందుకు కట్టే సుంకం అదే. ఆ సుంకం మరీ చిన్నదేం కాదు: పది లెవెళ్లు విజార్డ్, పది లెవెళ్లు క్లెరిక్ అయినవాడికి తొమ్మిదో లెవెల్ స్లాట్ ఒకటి వస్తుంది కానీ, తెలిసిన మంత్రాలు ఏ వైపు చూసినా ఐదో లెవెల్ దాటవు. విష్ మంత్రం వాడికి కలలో మాటే.

ఇలా ఎందుకు పెట్టారో తెలియాలంటే మూడో ఎడిషన్ చూడాలి. 2000లో వచ్చిన ఆ పుస్తకంలో స్లాట్లు కూడా క్లాస్‌కి విడివిడిగానే ఉండేవి. పది పది చేసుకున్నవాడికి చిన్న చిన్న మంత్రాలు రోజుకు బోలెడన్ని వచ్చేవి, ఒక్కటీ పదో లెవెల్‌వాడి బలం మించేది కాదు. ఇరవయ్యో లెవెల్ శత్రువు ముందు అవన్నీ గాలికి పోయేవి. 2003 నాటి 3.5 సవరణ దీనికి విరుగుడుగా రెండు వైపులా ఒకేసారి పెంచే మిస్టిక్ థియర్జ్ అనే క్లాస్‌నే ప్రత్యేకంగా చేర్చాల్సి వచ్చింది. ఐదో ఎడిషన్ మధ్యేమార్గం పట్టింది: స్లాట్ల బలం తగ్గించలేదు, పెద్ద మంత్రాలు మాత్రం ఆ క్లాస్‌ని నమ్ముకుని ఉన్నవాడికే వదిలింది. నా లెక్కలో ఇది సరైన బేరం.

సరిగా కుదరనిది సగాల లెక్క. 2014 పుస్తకంలో పాలడిన్ సగాన్ని కిందికి కుదించాలి. ఐదో లెవెల్ పాలడిన్‌కి తన సొంత పట్టిక ప్రకారం మొదటి లెవెల్ స్లాట్లు 4, రెండోవి 2. అతను ఒక లెవెల్ సార్సరర్ చేరిస్తే, ఐదులో సగం రెండు, దానికి ఒకటి కలిపితే మూడు. మూడుకి పట్టిక ఇచ్చేది అవే నాలుగూ రెండూ. కొత్త క్లాస్‌లో చేరి స్లాట్ ఒక్కటీ సంపాదించలేదన్నమాట. మోసం జరిగిందని బాధపడే ఆటగాడిని తప్పుపట్టలేం. 2024 పుస్తకం సగాన్ని పైకి సవరించమంది, దాంతో మొత్తం నాలుగై రెండో లెవెల్ స్లాట్ ఇంకొకటి పెరుగుతుంది.

స్లాట్ ఖర్చు లేకుండా వేసే క్యాంట్రిప్‌లకు ఈ గొడవేమీ లేదు. అవి క్యారెక్టర్ మొత్తం లెవెల్‌తో పెరుగుతాయి. మన ఐదో లెవెల్ మిశ్రమం ఫైర్ బోల్ట్ వేస్తే రెండు పదిముఖాల పాచికలు వేయవచ్చు.

ఇక వార్‌లాక్. వాడి స్లాట్లు కొద్ది, కానీ గంటసేపు షార్ట్ రెస్ట్ తీసుకుంటే తిరిగొస్తాయి. అందుకే వార్‌లాక్ లెవెళ్లను పై కూడికలో కలపరు. కలిపితే ఆ తిరిగొచ్చే గుణం స్లాట్లన్నిటికీ అంటుకునేది. వాడకంలో మాత్రం తేడా లేదు: వార్‌లాక్ స్లాట్‌తో విజార్డ్ మంత్రం వేయవచ్చు, విజార్డ్ స్లాట్‌తో వార్‌లాక్ మంత్రమూ వేయవచ్చు.

ఈ వెసులుబాటులోంచే 'కాఫీలాక్' పుట్టింది. మూడు లెవెళ్లు వార్‌లాక్, మూడు సార్సరర్ అనుకోండి. వార్‌లాక్ రెండో లెవెల్ స్లాట్‌ని సార్సరర్ వాడుకునే సార్సరీ పాయింట్లు రెండుగా, ఆ పాయింట్లను ఒక మొదటి లెవెల్ స్లాట్‌గా మార్చవచ్చు. గంటకు రెండు చొప్పున, రాత్రి ఎనిమిది గంటలూ షార్ట్ రెస్ట్‌లతోనే గడిపితే పదహారు అదనపు స్లాట్లు. ఇలా చేసుకున్న స్లాట్లు లాంగ్ రెస్ట్‌తో మాయమవుతాయని రూలు, కాబట్టి అసలు పడుకోకుండా కూడబెడుతూ పోవడమే కిటుకు. 2017లో వచ్చిన జానథర్స్ గైడ్ దీనికి కొంత కళ్లెం వేసింది: 24 గంటలు లాంగ్ రెస్ట్ లేకపోతే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి, అందులో అందుకోవాల్సిన అంకె మొదట 10, ఆపై రోజుకు ఐదు చొప్పున పెరుగుతుంది, ఓడితే అలసట మీదపడుతుంది. అక్షరం పట్టుకుని చూస్తే కాఫీలాక్‌లో తప్పు లేదు, అయినా నేను డంజన్ మాస్టర్‌నైతే ఒప్పుకోను. పక్కన కూర్చున్న విజార్డ్ తన కొద్దిపాటి స్లాట్లను దాచుకుని దాచుకుని వాడుతుంటే, వీడు పదహారు పట్టుకుని తిరగడం ఆ బల్ల దగ్గర ఎవరికీ ఆటలా ఉండదు. ఆ మాట క్యారెక్టర్ తయారయ్యే రోజే చెప్పేయాలి, ఆరో లెవెల్‌కి వచ్చాక కాదు.