రక్తపరీక్షయు మనస్సులోని శంకయు



మా కె.గంగవరములో నా మనుమడొకడు, పెండ్లి నిశ్చయమై యుండగా, "తాతగారూ, ముహూర్తము వెనుకకు జరిపింపుడు" అని నన్ను బతిమాలెను. ఏడాది క్రిందట పట్టణమున జరిగిన యొక పొరపాటువలన తనకు హెర్పిస్ సోకెనేమో యని వాని భయము. రక్తపరీక్షలో లేదనియే వచ్చినది. అయినను వానికి నిద్ర లేదు. నేను కోపమును దిగమ్రింగి వానిని వైద్యునియొద్దకు గొనిపోయితిని. అచట తెలిసికొన్నది మనవి చేయుచున్నాను.

ఇది మనము సర్పి యనునది కాదు. సర్పి ఆటలమ్మను కలిగించు క్రిమివలన వచ్చును. దీని క్రిమి వేఱు. అందు రెండు రకములు. మొదటిది ఎక్కువగా పెదవులమీదను, రెండవది గుహ్యస్థానమునను పొక్కులు పుట్టించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 50 ఏండ్ల లోపువారిలో నూటికి 60 మందికి పైగా మొదటి రకము కలదు. కావున నిది వంశమునకు మచ్చ కాదు.

రక్తపరీక్ష క్రిమిని వెదకదు. దాని నెదిరింప దేహము పుట్టించుకొను ప్రతిరక్షకములను వెదకును. అవి పుట్టుటకు వారములు పట్టును. తొందరపడి చేయించినచో, 12 వారములు దాటిన పిదప మరల నొకసారి చేయింపవలయును. పొక్కు లేచినచో, అది మానకముందే దాని రసమును పరీక్షింపజేయుట మేలు.

మావానికి పొక్కు లేదు. పరీక్ష పది నెలల తరువాతిది. ఇంకను వణకుట త్రాడని తెలిసియు పామని బెదరుట వంటిది. అది విని వాడు కంటనీరు పెట్టుకొనెను. ముహూర్తము మార్పలేదు.

పిల్లలు భయమును చెప్పుకొనవచ్చినపుడు ముందు వినుడు, మందలింపు తరువాత. సెలవు.