ఛాతీలో ఇమిడిన బ్యాటరీ

1957 అక్టోబరు 31న అమెరికాలోని మినియాపోలిస్‌లో కరెంటు పోయింది. గుండెను కరెంటుతో లయ తప్పకుండా కొట్టించే పేస్‌మేకర్లు అప్పట్లో గోడకున్న ప్లగ్గు మీదే నడిచేవి. గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లల ప్రాణాలు ప్రమాదంలో పడ్డాయి. సర్జన్ వాల్టన్ లిల్లీహై అడిగితే, ఆస్పత్రి పరికరాలు బాగుచేసే ఎర్ల్ బాకెన్ నాలుగు వారాల్లో బ్యాటరీ పేస్‌మేకర్ చేసిచ్చాడు. కానీ అదీ ఒంటి బయటి పెట్టే. చర్మం గుండా పోయే తీగ వెంట ఇన్ఫెక్షన్ లోపలికి చేరేది.

యంత్రాన్నే లోపల పెడితే? 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్స్కా ఆస్పత్రిలో సర్జన్ ఆకె సెన్నింగ్ ఆ పనే చేశాడు. రోగి 43 ఏళ్ల ఆర్నె లార్సన్. ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ షూ పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి, ఎపాక్సీ పోసి పేస్‌మేకర్ తయారుచేశాడు. అందులో నికెల్-కాడ్మియం బ్యాటరీలు. చర్మం మీద తీగచుట్ట ఆనిస్తే చాలు, అవి ఛార్జి అయ్యేవి. ఇప్పటి వైర్‌లెస్ ఛార్జింగ్ సూత్రం అదే.

కొన్ని గంటలకే ఆ పేస్‌మేకర్ ఆగిపోయింది. రెండోదీ ఎంతోకాలం నిలవలేదు. లార్సన్ మాత్రం పేస్‌మేకర్లు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికి, 2001లో కన్నుమూశాడు.

1960లో అమెరికాలో విల్సన్ గ్రేట్‌బాచ్, సర్జన్ విలియం చార్డాక్ ఛార్జింగు గొడవే వద్దనుకున్నారు. మెర్క్యురీ బ్యాటరీలు వాడారు. ఐదేళ్లు వస్తాయనుకుంటే, చాలావరకు రెండేళ్లకే చేతులెత్తేసేవి. పైగా వాటి నుంచి హైడ్రోజన్ వాయువు వచ్చేది. అది బయటికి పోవాలి కాబట్టి గాలి చొరకుండా మూత బిగించే వీల్లేదు. ఆ సందుల్లోంచే ఒంట్లోని తేమ లోపలికి దిగి సర్క్యూట్‌ను పాడుచేసేది.

విసిగినవాళ్లు అణుశక్తి వైపు చూశారు. 1970లో పారిస్‌లో ప్లుటోనియం-238తో నడిచే పేస్‌మేకర్ అమర్చారు. ప్లుటోనియం క్షీణిస్తూ వెలువరించే వేడే అక్కడ కరెంటయ్యేది. దాని అర్ధాయువు దాదాపు 88 ఏళ్లు, అంటే రోగి కంటే బ్యాటరీదే ఎక్కువ ఆయుష్షు! రోగి పోయాక ఆ విషపదార్థం మట్టిలోనో మంటల్లోనో కలవకుండా వెతికి వెనక్కి తీసుకోవడమే పెద్ద తలనొప్పి.

గెలిచింది లిథియం-అయోడిన్ బ్యాటరీ. 1972లో ఇటలీలో తొలిసారి రోగికి అమర్చారు. అది ఇచ్చే కరెంటు చాలా తక్కువ, కానీ పేస్‌మేకర్‌కు కావలసిందీ మైక్రోఆంపియర్లలోనే. వాయువు పుట్టదు కనుక టైటానియం డబ్బాలో పెట్టి వెల్డింగ్ చేసేయొచ్చు. ఉన్నట్టుండి ఆగిపోకుండా వోల్టేజీ మెల్లగా తగ్గుతూ, మార్చాల్సిన సమయాన్ని డాక్టరుకు ముందే తెలియజేస్తుంది.

ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవారు కన్నుమూస్తే, దహనానికి ముందే డాక్టరుకు చెప్పి దాన్ని తీయించండి. చితి వేడికి ఆ బ్యాటరీ పేలొచ్చు.