ఆట మన చేతిలో, యంత్రం ఎక్కడో

ఇంట్లో ఖరీదైన కంప్యూటర్ లేకపోయినా పెద్ద పెద్ద వీడియో గేములు ఇంటర్నెట్ తీగ మీదుగా నడిచి వస్తున్నాయి. నెలకింత అని కట్టి ఆడుకోవచ్చు. క్లౌడ్ గేమింగ్ ఎవరికి మేలు, ఎక్కడ ఆచితూచి అడుగెయ్యాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా కాలేజీ రోజుల్లో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి పదిహేను రూపాయలు. ప్లైవుడ్ అడ్డుగోడల మధ్య ఎనిమిది సిస్టమ్‌లు. నాది ఆరో నంబరు. నాది అంటే నేను కొన్నదని కాదు, నా 'వైస్ సిటీ' ఆట అందులో సేవ్ అయి ఉండేదని. ఆరో నంబరు ఖాళీ లేకపోతే పక్కన మూడు ఖాళీగా ఉన్నా బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అక్కడికి వచ్చే ప్రతివాడికీ అలా ఒక నంబరు ఉండేది. ఒక సోమవారం వెళ్లేసరికి, వైరస్ పట్టిందని ఓనరు అన్ని సిస్టమ్‌లూ ఫార్మాట్ చేయించేశాడు. నా రెండు నెలల ఆట పోయింది. "మళ్లీ మొదలెట్టు తమ్ముడూ, ఈ గంటకి డబ్బులొద్దులే" అన్నాడు. ఆయన తప్పేం లేదు, యంత్రం ఆయనది. కానీ ఆ గంట నేను ఆడలేకపోయాను.

ఇన్నేళ్లకి ఆ ఆరో నంబరు మళ్లీ గుర్తొచ్చింది, మొన్న సంక్రాంతికి ఖమ్మంలో అక్కావాళ్లింట్లో. మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. కాలేజీ పనుల కోసం కొన్న వాడి ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఫ్యాను రొద పెడుతుంది. అలాంటి దాని మీద వాడు 'ఫోర్జా హొరైజన్ 5' ఆడుతున్నాడు. మెక్సికో ఎడారిలో కారు దుమ్ము రేపుకుంటూ పోతోంది.

"ఇందులోకి ఎలా ఎక్కిందిరా ఇది?" అన్నాను.

"ఎక్కలేదు మామయ్యా, ఇందులో ఏమీ లేదు. ఇది వీడియో."

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆట నడుస్తున్నది ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో, వరసగా పేర్చిన యంత్రాల్లో ఒకదాని మీద. అక్కడ పుట్టిన ప్రతి బొమ్మనీ కుదించి, వీడియోగా మార్చి, వాడి తెరకి పంపుతున్నారు. వాడు మీట నొక్కితే ఆ కబురు తిరిగి అక్కడికి పోతుంది. కారు అక్కడ మలుపు తిరుగుతుంది, తిరిగిన బొమ్మ ఇక్కడికి వస్తుంది. ఇదంతా సెకనుకి అరవై సార్లు.

సినిమా చూడటం కూడా ఇలాంటిదే కదా అనిపిస్తుంది. కాదు. సినిమాలో తర్వాతి సీను ముందే తీసిపెట్టి ఉంటుంది కాబట్టి, మనం చూస్తుండగానే యాప్ రెండు నిమిషాల ముందు భాగాన్ని తెచ్చి దాచుకోగలదు. మధ్యలో నెట్ ఆగినా మనకి తెలియదు. ఆటలో అలా దాచుకోవడానికి ఏమీ ఉండదు. నేను మీట నొక్కేదాకా తర్వాతి దృశ్యం పుట్టనే పుట్టదు. క్లౌడ్ గేమింగ్ పడే కష్టమంతా ఇక్కడే ఉంది.

ముందు దీనివల్ల జరిగే మేలు చెబుతాను, అది చిన్నది కాదు. 2021 ఫిబ్రవరిలో సోనీ గేమింగ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. ఏళ్లు గడిస్తే ఎలక్ట్రానిక్ వస్తువుల ధరలు తగ్గుతాయంటారు, ఇది తర్వాత 54,990కి పెరిగింది. పెద్ద గేము ఒక్కొక్కటి 4,999 దాకా ఉంటుంది. కంప్యూటర్ కట్టించుకుందామన్నా, ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. అమ్మానాన్నల జీతాల మీద నడిచే ఇంట్లో, హాస్టల్ గదిలో, ఇది అడగడానికి కూడా నోరు రాని ఖర్చు. ఇన్నాళ్లూ మన పిల్లల్లో చాలామందికి పెద్ద గేములంటే యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే చూసేవి. ఇప్పుడు ఉన్న ల్యాప్‌టాప్ మీదే, ఉన్న ఫోను మీదే ఆడగలగడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం.

ఇంకో మేలు డౌన్‌లోడ్ బాధ తప్పడం. ఇవాళ్టి పెద్ద గేములు వంద జీబీ దాటిపోతున్నాయి. దించుకుని, అప్‌డేట్ చేసుకుని, ఇంక చోటు లేదంటే పాతది తీసేసి, ఇదంతా అయ్యేసరికి ఆదివారం గడిచిపోతుంది. క్లౌడ్‌లో ఆ గొడవ లేదు. ఒక్కోసారి ఆట కూడా అక్కడే బాగా నడుస్తుంది. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' వచ్చినప్పుడు పాత ప్లేస్టేషన్ 4 మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోరు నుంచి దాన్ని తీసేసింది. అదే ఆట గూగుల్ వారి క్లౌడ్ సేవ స్టేడియా మీద చక్కగా నడిచింది.

ఎంత దూరం, ఎంత డేటా

లెక్క వేసుకుందాం. సెకనుకి 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకీ దక్కేది 16.7 మిల్లీసెకన్లు. ఫైబర్ తీగలో వెలుతురు సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబై 700 కిలోమీటర్లనుకుంటే రాకపోకలకి 7 మిల్లీసెకన్లు. సర్వర్ సింగపూర్‌లో ఉంటే రాకపోకలకే కనీసం 33. ఇది వెలుతురు ఎక్కడా ఆగకుండా తిన్నగా పోయినప్పటి మాట. నిజంలో తీగ వంకర్లు తిరుగుతుంది, దారిలో రౌటర్లుంటాయి. బొమ్మని కుదించడానికి కొంత, విప్పడానికి కొంత, టీవీ తెర మీద చూపడానికి కొంత సమయం కలుస్తుంది.

చెరువుకి ఇవతల నిలబడి అవతల రేవులో బట్టలుతకడం చూసినవాళ్లకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. బట్ట బండకి తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. క్లౌడ్ గేమింగ్‌లో చేతికీ కంటికీ మధ్య అలాంటి చెరువొకటి ఉంటుంది. కథ చెప్పే ఆటలు, ఎత్తులు వేసే ఆటలు, నింపాదిగా తిరిగే ఆటల్లో దాన్ని మరచిపోవచ్చు. కారు పందెంలో కాసేపటికి చెయ్యి అలవాటు పడుతుంది. రెప్పపాటులో తుపాకీ పేల్చాల్సిన ఆటల్లో, ఎదుటివాడు సొంత కంప్యూటర్ మీద ఆడుతుంటే మాత్రం ఓడిపోతూనే ఉంటాం. ఫైటింగ్ గేములు కూడా క్లౌడ్‌లో వద్దని చెబుతాను.

ఇక డేటా. ఎన్విడియా వారి జీఫోర్స్ నౌ మామూలు 720పీ బొమ్మకే 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలంటుంది, 1080పీకి 25. రోజుకి 2 జీబీ రీచార్జ్ మీద 15 ఎంబీపీఎస్‌తో ఆడితే ఆ రోజు డేటా పద్దెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. 25తో గంటసేపు ఆడితే 11 జీబీ పైమాటే. కాబట్టి రోజుకింత అని పరిమితి ఉన్న ఫోన్ డేటా మీద ఇది నడిచే పని కాదు. ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. చాలా ప్లాన్లలో నెలకి 3,300 జీబీ దాకా ఇస్తున్నారు, అది ఎంత ఆడినా తరగదు. అక్కడ బాధపెట్టేది వేగంలో నిలకడ లేకపోవడం. మా మేనల్లుడి ఆట పగలంతా నున్నగా నడిచింది. రాత్రి తొమ్మిదయ్యాక, వీధిలో ప్రతి ఇంట్లో టీవీలూ ఫోన్లూ ఒకేసారి తెరుచుకున్నాక, బొమ్మ అలుక్కుపోవడం మొదలైంది. వాడు లేచి వెళ్లి రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టాడు. సగం బాగుపడింది. మిగతా సగం ఆ వీధి చేతిలో ఉంది.

ఫైబర్ లేని ఊళ్ల సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించినప్పుడు, నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్న మాట పల్లెల్లో ఎంత ఆశ పుట్టించిందో నాకు బాగా గుర్తు. నిలకడగా పాతిక ఎంబీపీఎస్ అందే ఊరికీ అందని ఊరికీ మధ్య ఇప్పుడు చదువులో, ఉద్యోగంలో ఉన్న ఎడమే ఆటలోనూ కనిపిస్తోంది. కన్సోల్ ఒక్కసారి ఖర్చు పెట్టి కొంటే ఏ మారుమూల తండాలోనైనా నడుస్తుంది. క్లౌడ్ అలా కాదు, తీగ ఎంతవరకు వస్తే అంతవరకే.

స్టేడియా చేసిన గాయం

ఈ ఆలోచన కొత్తది కాదు. 2010 జూన్‌లోనే ఆన్‌లైవ్ అనే సంస్థ అమెరికాలో మొదలుపెట్టింది. 2015 ఏప్రిల్‌లో దాని పేటెంట్లు సోనీ కొనుక్కుంది, సేవ మూతపడింది. అందరూ చెప్పుకునేది మాత్రం స్టేడియా కథే. 2019 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద సుందర్ పిచాయ్ స్వయంగా పరిచయం చేశారు. నవంబరులో 14 దేశాల్లో తెరిచారు, మన దేశం ఆ జాబితాలో లేదు. సాంకేతికంగా అది అద్భుతం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అందులో ఆటలు విడిగా, పూర్తి ధరకి కొనాలి. అలా కొన్న ఆట స్టేడియాలో తప్ప ఇంకెక్కడా నడవదు. 2021 ఫిబ్రవరిలో సొంత స్టూడియోలు మూసేశారు. 2022 సెప్టెంబరు 29న మొత్తం సేవనే ఆపేస్తామన్నారు. 2023 జనవరి 18న ఆపేశారు.

గూగుల్ ఇక్కడ ఒక మంచి పని చేసింది. తన స్టోర్లలో అమ్మిన గేములకీ, పరికరాలకీ డబ్బు తిరిగిచ్చింది. గేమ్‌ప్యాడ్‌లు చెత్తలో పడకుండా బ్లూటూత్‌తో వేరే యంత్రాలకి కలుపుకునే వీలు కల్పించింది. అయినా తిరిగివ్వలేనిది ఒకటి మిగిలింది. 'రెడ్ డెడ్' ఆన్‌లైన్ ఆటలో దాదాపు 6,000 గంటలు గడిపిన ఒక ఆటగాడు, నా పాత్రని వేరే యంత్రానికి మార్చుకోనివ్వండి అని ఆ ఆట చేసినవాళ్లని బతిమాలుకున్నాడు. ఆరు వేల గంటలంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున రెండేళ్లు. ఆ కబురు చదివిన రోజు నా రెండు నెలల 'వైస్ సిటీ' ఎంత చిన్నదో తెలిసింది, ఆ పోయిన బాధ మాత్రం ఒకటేనని కూడా తెలిసింది.

స్టేడియా కోసమే చేసిన ఆటల గతి ఇంకా అన్యాయం. 'గిల్ట్' లాంటివి కొన్ని తర్వాత వేరే చోట్లకి చేరాయి. 'అవుట్‌కాస్టర్స్' మాత్రం స్టేడియాతోనే పోయింది. దాచుకోవడానికి ఎవరి దగ్గరా డిస్క్ లేదు, ఫైలు లేదు.

మా అమ్మ వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీల్ని కత్తిరించి, దారంతో కుట్టించి, అట్ట వేయించి పెట్టుకునేది. పుస్తకంగా ఎన్నడూ రాని సీరియళ్లు కొన్ని ఇప్పటికీ అలాంటి బైండింగుల్లోనే బతికి ఉన్నాయి. పాఠకుడి చేతికి కాగితం వచ్చింది కాబట్టి అది సాధ్యమైంది. క్లౌడ్ ఆటలో మన చేతికి ఏదీ రాదు, కుట్టుకోవడానికి ఒక్క పేజీ ఉండదు. ఆటల చరిత్ర అసలే గల్లంతవుతోంది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత గేముల్లో 87 శాతం ఇవాళ కొనుక్కుందామన్నా దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. క్లౌడ్ ఒక్కటే దారి అయితే ఆ మిగిలిన కొద్దిపాటిని కాపాడేదెవరు?

న్యాయంగా చెప్పాలంటే ఈ రోగం క్లౌడ్‌ది మాత్రమే కాదు. డబ్బిచ్చి కొన్న 'ది క్రూ' అనే కార్ల ఆటని యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపి పనికిరాకుండా చేసింది. దాంతో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. యూరప్‌లో వాళ్ల అర్జీకి 2025 నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది: ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. అలాంటి చట్టం మనకీ కావాలి.

చందా కట్టేముందు

మన దగ్గర ఇప్పుడిప్పుడే తలుపులు తెరుచుకుంటున్నాయి. జియో తన గేమ్స్ క్లౌడ్‌ని 2022లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ 2025 నవంబరులో వచ్చింది. జీఫోర్స్ నౌని మన దేశానికి తెస్తున్నామని ఎన్విడియా 2025 జనవరిలో ప్రకటించింది. సోనీ ఇక్కడ ప్లేస్టేషన్ ప్లస్ చందాని అమ్మింది గానీ, క్లౌడ్ ఉండే ప్రీమియం రకం బదులు అది లేని డీలక్స్‌ని ఇచ్చింది.

వీటిలో రెండు రకాలున్నాయి, ఆ తేడా అన్నిటికంటే ముఖ్యం. ఎక్స్‌బాక్స్‌ది ప్రధానంగా చందా పద్ధతి. నెల నెలా కడితే వాళ్ల అలమారలో ఉన్నవి ఆడుకోవచ్చు. కట్టడం మానేస్తే అలమార మూసుకుంటుంది. చందా ఎంతన్నది వాళ్ల ఇష్టం. 2025 అక్టోబరులో గేమ్ పాస్ అల్టిమేట్ అనే ఎక్స్‌బాక్స్ చందాని అమెరికాలో 19.99 డాలర్ల నుంచి ఒక్కసారిగా 29.99కి పెంచేశారు. జీఫోర్స్ నౌ యంత్రాన్ని మాత్రమే అద్దెకిస్తుంది. ఆటలు మనం స్టీమ్, ఎపిక్ లాంటి ఆన్‌లైన్ స్టోర్లలో కొనుక్కున్నవి. రేపు ఆ సేవ మూతపడినా ఆటలు మన ఖాతాలోనే ఉంటాయి, ఎప్పుడో ఒక మంచి కంప్యూటర్ కొన్నరోజు దించుకుని ఆడుకోవచ్చు. ఇందులోనూ చిక్కులున్నాయి. 2020 ఫిబ్రవరిలో యాక్టివిజన్ బ్లిజార్డ్ తన ఆటల్ని దాన్నుంచి వెనక్కి తీసేసుకుంది. ఇప్పుడు డబ్బు కట్టినవాళ్లకి కూడా నెలకి 100 గంటల పరిమితి ఉంది. అయినా నా ఓటు ఈ రెండో పద్ధతికే. క్లౌడ్‌ని యంత్రం అద్దెగా వాడుకుంటే ఇంతకంటే చవకైన దారి లేదు. క్లౌడ్‌లో తప్ప ఇంకెక్కడా నడవని ఆటకి పూర్తి ధర పెట్టడం మాత్రం ఎవరూ చెయ్యొద్దని గట్టిగా చెబుతాను.

అక్కకి ఇలా చెప్పాను. ఏడాది చందా ఒకేసారి వద్దు, సెలవుల నెలలో కట్టండి, పరీక్షల నెలలో మానేయండి. అది కూడా మీ వీధిలో, మీ తీగ మీద, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఆడి చూశాకే. మేనల్లుడు పక్కనే కూర్చుని విన్నాడు.

"మామయ్యా, మానేస్తే నా సేవ్‌లు పోతాయా?"

'ఫోర్జా' ఒక్కదాని సంగతి వాడికి చూపించాను. దాని సేవ్‌లు వాడి ఎక్స్‌బాక్స్ ఖాతా పేరు మీదే ఉంటాయి, అదే ఆట కంప్యూటర్ వెర్షన్‌ని రేపు మైక్రోసాఫ్ట్ స్టోరులో కొనుక్కుంటే అక్కడా తెరుచుకుంటాయి. అన్ని ఆటలకీ అలా ఉండదనీ చెప్పాను. వాడు ఒక కాగితం తీసుకుని తను ఆడుతున్న ఏడు ఆటల పేర్లూ రాశాడు. ఒక్కొక్కదాన్నీ నెట్‌లో వెతికి, మానేసినా మిగిలేవాటి పక్కన టిక్కు పెడుతూ పోయాడు. నేను పడుకునేటప్పటికి నాలుగు టిక్కులు పడ్డాయి. వాడు ఐదోది వెతుకుతున్నాడు.