పుచ్చు పళ్ల గుట్టు ఉమ్మిలో ఉందా?

సూరత్‌లోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాల్లో తెలుగు నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలైనా, కరీంనగర్ పిల్లలైనా చాయ్‌లో బిస్కెట్టు ముంచుకు తింటే నోట్లో జరిగేది ఒకటే. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే పంటిపై ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని పలుచన చేసి, కాల్షియం, ఫాస్ఫేట్‌లను పంటికి తిరిగి అందిస్తుంది.

లాలాజలానికి మరో పని కూడా ఉంది. బ్యాక్టీరియాతో పోరులో పుట్టే ఫ్రీ రాడికల్స్ మన కణాలనూ దెబ్బతీస్తాయి. వాటిని అదుపు చేసేవి యాంటీఆక్సిడెంట్లు. లాలాజలంలో వీటిలో ముఖ్యమైనది యూరిక్ ఆమ్లం. ఈ సమతూకం తప్పడమే ఆక్సీకరణ ఒత్తిడి.

పళ్లు పుచ్చిన పిల్లల్లో యాంటీఆక్సిడెంట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. కానీ 2006లో టర్కీలోనూ, ఆ తర్వాత మన దేశంలోనూ జరిగిన పలు అధ్యయనాల్లో వాటి మొత్తం సామర్థ్యం ఎక్కువగా కనిపించింది. పుచ్చును ఎదుర్కొనేందుకు శరీరం రక్షణ పెంచుకుంటోందన్నది ఒక వివరణ. ఏది కారణమో, ఏది ఫలితమో ఇంకా తేలలేదు. కాబట్టి యాంటీఆక్సిడెంట్ మాత్రలను పుచ్చుకు మందు అనుకోకూడదు. తీపి మాటిమాటికీ తినకపోవడం, రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకోవడం ఇప్పటికీ నమ్మదగిన రక్షణ.