కారణము చెప్పుట యెట్లు?

పరీక్షాపత్రములు దిద్దునపుడు ప్రతి సంవత్సరము మాకొక సమాధానము కానవచ్చుచుండును. "అయస్కాంత మినుము నేల లాగుచున్నది?" అని యడిగినయెడల, "దానియందు ఆకర్షణశక్తి యుండుటచేత" అని విద్యార్థి వ్రాయును. ఆకర్షణశక్తి యనగా లాగెడి గుణమే గదా! లాగెడి గుణ మున్నది కావున లాగుచున్నదని చెప్పుట ప్రశ్ననే తిప్పి వ్రాయుట. అయినను ఆ సమాధానమునకు సున్న వేయుటకు మాకు చేయి రాదు. ఏలయన పెద్దలమైన మేమును ఇట్టి మాటలతో తృప్తిపడుచునే యున్నాము. బిడ్డకు జ్వరము తగిలినపుడు "గాలి సోకినది" యనెడి మాట ఏ యింట వినబడలేదు?

ఈ గాలి మాట మనవారిది మాత్రమే కాదు. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యని యర్థము. చిత్తడినేలలనుండి లేచెడి విషవాయువును పీల్చినవారికి చలిజ్వరము వచ్చునని ఐరోపా వైద్యులు శతాబ్దములపాటు నమ్మిరి. దీనిని మూఢత్వమని కొట్టివేయుట న్యాయము కాదు. చిత్తడుల కడ జ్వరము మెండు. నీటిని తీసివేసినచోట తగ్గును. రాత్రులు బయట పండుకొన్నవారిని పట్టును. ఇవన్నియు వారు కన్నులార చూచినవే. అయితే చిత్తడి లేని యూర జ్వరము వచ్చినయెడల "గాలి మోసికొని వచ్చినది" యనిరి. చిత్తడి ప్రక్కనే కాపురమున్నవానికి రాకున్న "వాని దేహము గట్టిది" యనిరి. ఏమి జరిగినను ఆ వివరణమునకు భంగము లేదు. మొదట నిది దాని బలమువలె తోచును. మాకు మాత్రము దాని లోపమంతయు నచ్చటనే యున్నట్లు తోచుచున్నది. ఏమి జరిగినచో తాను తప్పగునో చెప్పని వివరణమును పట్టుకొని మన మెచ్చట వెదకగలము?

1880లో అల్జీరియాయందు ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్ చలిజ్వర రోగుల రక్తములో నొక సూక్ష్మజీవిని చూచెను. అది ఒకరి రక్తమునుండి వేరొకరి రక్తములోని కెట్లు పోవును? దోమల మూలమున పోవునని 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్, రొనాల్డ్ రాస్‌తో చెప్పెను. దోమలు నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు మాన్సను ఊహ. 1895లో రాస్ సికింద్రాబాదునకు వచ్చి, అట్టి నీటిని కొందరిచేత త్రాగించి చూచెను. (నేటి వైద్యధర్మ మట్టి పరీక్షల నొప్పుకొనదు.) నమ్మదగిన ఫలిత మేమియు రాలేదు. రోగులను కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినిలో వెదకెను. రెండేండ్లు గడచినను వానియందు నేమియు కానరాలేదు. తాను చూచిన దోమలు తగిన జాతివి కావేమో యని రాస్ అనుకొనెను.

ఈ కథ చెప్పుచుండగా మా తరగతిలో నొక బాలుడు లేచి, "ఊహ తప్పిన పిమ్మట 'వేరుజాతి దోమ' యని సర్దుకొనుట, 'గాలి మోసికొని వచ్చినది' యని సర్దుకొనుట వంటిదే గదండీ?" అని యడిగెను. ఆనాడు మాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాము. గాలి మోసికొని వచ్చినదన్నవారు తరువాత నేమి చూడవలెనో చెప్పలేదు. వేరుజాతి దోమ యన్నవాడు ఆ జాతిని పట్టి తేవలెను. రోగిని కుట్టించి కోసి చూడవలెను. అందును లేకున్న మరల నోడిపోవలెను. సర్దుబాటు రెంటను కలదు. ఒకటి మాత్రమే క్రొత్త పరీక్షకు తలయొగ్గినది.

1897 ఆగస్టులో రాస్‌కు రెక్కలపై మచ్చలుగల దోమలు దొరకెను. హుసేన్ ఖాన్ అను రోగి, దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని, వానిచేత కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రాస్ అట్టి దోమ నొకదానిని కోయగా, కడుపు గోడలో గుండ్రని కణములు కానవచ్చెను. వానిలో నల్లని రేణువులు. రోగుల రక్తములోని సూక్ష్మజీవియందు నుండునట్టివే. మరునాడు మిగిలిన దోమలో నా కణము లింకను పెద్దవై యుండెను. అనగా నవి పెరుగుచున్నవి! 1898లో కలకత్తాలో నతడు పక్షుల మలేరియాను పరిశోధించి, సూక్ష్మజీవి దోమ లాలాజలగ్రంథులకు చేరుననియు, కుట్టుటచేతనే ఆరోగ్యముగల పక్షులకు జబ్బు వచ్చుననియు కనుగొనెను. నీరు త్రాగుట యను మాన్సను ఊహ అంతటితో పోయినది. మనుష్యుల మలేరియా విషయమున నదే సంవత్సరము ఇటలీ శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి.

ఇక గాలి సంగతి. 1900లో మాన్సన్ రెండు పరీక్షలు చేయించెను. రోము నగరము చెంత జ్వరములకు పేరుపడిన చిత్తడి ప్రదేశమున సన్నని తీగవలలు బిగించిన కుటీరములో సాంబన్, లో అను వైద్యులు జూలై మొదలు అక్టోబరు వరకు కాపురముండిరి. ప్రొద్దు గ్రుంకకముందే లోపలికి చేరుటయే వారి జాగ్రత్త, క్వినైను పుచ్చుకొనలేదు. వలగుండ రాత్రిగాలి వచ్చును, దోమ రాదు. వారికి జ్వరము రాలేదు. మరియొక వంక రోములో రోగులను కుట్టిన దోమలను లండనునకు పంపగా, మాన్సన్ కుమారుడు వానిచేత కుట్టించుకొని చలిజ్వరమున పడెను. అతని రక్తములో సూక్ష్మజీవి కనబడెను. గాలి యొకచోట, దోమ యొకచోట! ఇంత చక్కగా రెంటిని విడదీసిన పరీక్షలు మే మెరిగినవి కొద్ది.

క్రొత్త వివరణము పాతవారు చూచిన నిజములను పారవేయలేదు. నిలిచిన నీట దోమపిల్లలు పెరుగును గనుక చిత్తడి; ఆ జాతి దోమలు రాత్రులు కుట్టును గనుక రాత్రి. రాత్రిగాలికి వెరచి తలుపులు బిగించుకొన్నవారు కొంత మేలు పొందియే యుందురు. తాము మూసినది దోమకని వారెరుగరు. చిత్తడులు కానరాని మన విశాఖ మన్యపు కొండలలో జ్వర మేల ప్రబలెననునదియు దీనివలన తెలిసినది. అచ్చటి యొకజాతి దోమ తేటయైన సెలయేటి యంచులలో గ్రుడ్లు పెట్టును.

అయస్కాంతపు ప్రశ్న ఈ యేడును వేయుదుము. ఇనుములో మిక్కిలి చిన్నచిన్న భాగములు ఒక్కొక్కటి యొక్కొక్క అయస్కాంతమనియు, అవి యొకే దిక్కునకు తిరిగినపు డినుమంతయు అయస్కాంతమగుననియు వ్రాసినవారు ఇంకొక వాక్యము కూడ వ్రాయవలెను: అట్లయిన, అయస్కాంతముచేత రుద్దిన సూదిని నడిమికి విరిచినచో నేమగును? వ్రాయుటకు ముందు ఒక సూది విరిచి, రెండు ముక్కలను దిక్సూచి కడ పెట్టి చూచి రండు.